పాలెగాడి తల తెగిన తర్వాత



మే నెలలో తిరుపతి వచ్చే యాత్రికులు ఒక్కోసారి బస్టాండు దాటీ దాటగానే బిత్తరపోతుంటారు. కొండకు పోయే దారి అడుగుదామని చుట్టూ చూస్తారు. ఎదురుగా ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకున్న మనిషి, నడుముకు వేపమండలు చుట్టుకుని, కొట్టు ముందు నిలబడి నింపాదిగా టీ తాగుతుంటాడు. పక్కనే అదే వేషంలో అయిదేళ్ళ పిల్లవాడు, చేతిలో బన్ను. ఊరివాళ్ళు వాళ్ళవైపు తల తిప్పి కూడా చూడరు. "ఎవురు నాయనా నీకీ యేసం యేసింది?" అని ఏ పెద్దావిడో అడిగితే, "మా అవ్వ" అంటాడు పిల్లవాడు బన్ను కొరుకుతూ.

అది గంగజాతర వారం. తాతయ్యగుంట గంగమ్మ ఊరిని తన చేతిలోకి తీసుకునే వారం.

గంగమ్మను వేంకటేశ్వరస్వామికి చెల్లెలంటారు. మాటవరసకు అనడం కాదు. జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి పసుపు, కుంకుమ, పట్టుచీర సారెగా వస్తాయి. కొండమీద అన్నగారు, కొండకింద ఆడపడుచు. అన్న దగ్గర సుప్రభాతం, సంస్కృతం, క్యూలైను. చెల్లెలి దగ్గర వేపాకు, పంబజోడు, ఆరుబయట కట్టెలపొయ్యిమీద పొంగలి. దేశమంతా వచ్చేది అన్న దగ్గరికి. ఊరివాళ్ళు ఒళ్ళు మరిచి ఆడేది చెల్లెలి దగ్గర.

2024 డిసెంబరులో 'పుష్ప 2' సినిమా వచ్చాక ఈ జాతర పేరు తెలియని తెలుగువాళ్ళు లేరు. చీర కట్టి, నగలు పెట్టి, నిమ్మకాయల దండ వేసుకున్న కథానాయకుణ్ణి చూసి థియేటర్లు ఊగిపోయాయి. మంచిదే. అయితే సినిమాకు కావలసింది ఉగ్రరూపం, రక్తం, వధ. అవి జాతరలో ఉన్నాయి, కాదనను. కానీ జాతర ఏడు రోజులది, వధ జరిగేది నాలుగో రోజున. మిగతా రోజులు ఎందుకున్నాయన్నదే ఇవాళ మీతో మాట్లాడాలనుకున్న సంగతి.

ముందు కథ చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు కూడా ఓపిక పట్టి మళ్ళీ వినండి.

ఇప్పుడు తిరుపతిలో దాదాపు కలిసిపోయిన అవిలాల ఒకప్పుడు వేరే పల్లె. అక్కడ పొలంలో ఒక పసిబిడ్డ దొరికింది. రెడ్డిగారింట పెరిగిందని కొందరు, కైకాల వాళ్ళింట పెరిగిందని కొందరు చెబుతారు. ఎవరికి వాళ్ళు మా ఇంటి బిడ్డే అంటారు. ఆ రోజుల్లో ఈ ప్రాంతం ఒక పాలెగాడి గుప్పిట్లో ఉండేది. ఊళ్ళో ఏ పిల్లకు పెళ్ళయినా మొదటి రాత్రి తన దగ్గరికి రావాలన్నది వాడి శాసనం. కన్నవాళ్ళు కుమిలిపోయారు తప్ప ఎదురు చెప్పినవాడు లేడు. వాడి కన్ను ఒకనాడు ఎదిగిన గంగమ్మ మీద పడింది. చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె నేలకూ ఆకాశానికీ ఒక్కటై నిలబడింది. అప్పటిదాకా ఊరిని గడగడలాడించినవాడు కాలికి బుద్ధి చెప్పి ఎక్కడో దూరి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకొక వేషం వేసింది.

ఆ వెతుకులాటనే తిరుపతి ఏటేటా మళ్ళీ ఆడుతుంది.

అవిలాలను గంగమ్మ పుట్టిల్లుగా చూస్తారు. అక్కణ్ణించి పసుపు కుంకుమలు వస్తాయి. గుడి ముందున్న కొడిస్తంభానికి అభిషేకం చేసి, వడిబాలు కడతారు. మంగళవారం రాత్రి చాటింపు. డప్పు మోగిస్తూ పొలిమేరల దాకా పోయి జాతర మొదలైందని చెబుతారు. ఆ తర్వాత ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదు, బయటి నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళో పడుకోకూడదు, పడుకుంటే జాతర అయ్యేదాకా ఇక్కడే ఉండాలి అని పాత కట్టు. రోజూ వేలమంది వచ్చిపోయే ఊళ్ళో ఈ కట్టు ఎలా సాగుతుందని మీకు అనుమానం రావచ్చు. యాత్రికులకు దాని సంగతే తెలియదు. పాత వీధుల్లో ఇళ్ళున్న కుటుంబాల్లో మాత్రం చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు చాటింపుకు ముందే వచ్చి దిగాలి. లేకపోతే వాళ్ళమ్మ ఫోన్లో ఊరుకోదు.

బుధవారం బైరాగి. ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద పూసుకుంటారు. గురువారం బండ వేషం, ఎర్రటి కుంకుమ. శుక్రవారం తోటి, నల్లటి బొగ్గు. శనివారం దొర, చందనం. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపుకుండలు. మంగళవారం అసలు జాతర. అమ్మవారు ధరించిన ఈ వేషాలను తరతరాలుగా కైకాల వంశస్థులు వేస్తున్నారు. అది వాళ్ళ హక్కు, బాధ్యత కూడా. ఆ వేషధారి వీధిలోకి వస్తే ఇంటింటా హారతి పడతారు, నీళ్ళు వారపోస్తారు, కాళ్ళకు పసుపు రాస్తారు. వేషం వేసుకున్నంతసేపూ అతను అందరికీ అమ్మే. ఇక భక్తులు మొక్కుబడిగా వేసే వేషాలు వేరు. వాటికి లెక్కలేదు. చంటిబిడ్డ దగ్గర్నుంచి ముసలాయన దాకా ఎవరైనా వేయవచ్చు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు, "తల్లీ, వీడు లేచి తిరిగితే నీ జాతరకు యేసం యేయిస్తా" అని మొక్కుకున్న తల్లులు ఎందరో.

బండ వేషం రోజున నోటికి అడ్డు ఉండదు. బూతులు తిట్టడం ఆనవాయితీ. మామూలు రోజుల్లో నాన్న ముందు గొంతెత్తని కుర్రాడు ఆ రోజు వీధిలో నిలబడి తిడుతుంటే, తిట్లు తిన్నవాళ్ళు నవ్వుకుంటూ పోతారు. దాక్కున్నవాడికి రోషం పుట్టి బయటికి రావాలని ఆ తిట్లట. తిరుపతిలో దీన్ని చూసి ముఖం చిట్లించే పెద్దమనుషులు ఎప్పుడూ ఉన్నారు. నాకు మాత్రం అది జాతరకు పట్టిన మకిలిగా ఎప్పుడూ అనిపించలేదు. ఒక కామాంధుడు రాజ్యమేలిన ఊళ్ళో, వాడి ముఖం మీద అనలేని మాటలన్నీ ఒకరోజు గట్టిగా పలకడం తప్పెలా అవుతుంది?

వేషాల వరస చూడండి. మొదట వచ్చింది బైరాగి, ఇల్లూ వాకిలీ లేనివాడు. తర్వాత బండ, మర్యాద తెలియనివాడు. ఆ తర్వాత తోటి, ఊరి చాకిరీ చేసేవాడు. మూడు రోజులు ముగ్గురు వీధి వీధీ తిరిగినా పాలెగాడు కదలలేదు. నాలుగోనాడు దొర వచ్చాడు. తలపాగా, చేతిలో కత్తి, పక్కన మంత్రి. తనతో సమానమైన హోదా ఉన్నవాడు కనబడేసరికి, నా జట్టువాడే అనుకుని పాలెగాడు బయటికి వచ్చాడు. తల తెగింది. సన్న్యాసిని, సేవకుణ్ణి మనుషుల కింద లెక్కపెట్టని గుణమే వాణ్ణి మూడు రోజులు కాపాడింది, ఆ గుణమే చివరికి చంపింది. కథ అల్లినవాళ్ళు ఎవరోగాని పాలెగాళ్ళ సంగతి బాగా ఎరిగినవాళ్ళు. విజయనగరం నుంచి కంపెనీ కాలం దాకా ఈ ప్రాంతపు పల్లెలు పాలెగాళ్ళ దయాదాక్షిణ్యాల మీదే బతికాయి కదా.

శనివారం వీధుల్లో ఆ వధను ఆడి చూపిస్తారు. జనం కేకలు వేస్తారు. సినిమా అయితే ఇక్కడ తెర దించేస్తుంది.

జాతరలో ఆదివారం తెల్లవారుతుంది.

పాలెగాడికి పెళ్ళాం ఉంది. వాడు ఊరి ఆడపిల్లలను చెరిచినప్పుడు ఆమె ఆ ఇంట్లోనే ఉండి ఉంటుంది. ఏం చేయగలదు? ఇప్పుడు వాడి తల తెగింది. ఊరంతా పండగ చేసుకుంటుంటే ఆమె ఒక్కతే ఏడుస్తోంది. గంగమ్మ మాతంగి వేషం వేసి ఆ ఇంటికే వెళ్ళింది, ఆ విధవరాలిని ఓదార్చడానికి. తిరుపతిలో చెప్పుకునే కథ ఇదీ.

మన పురాణాల్లో రాక్షసవధలు బోలెడున్నాయి. దేవతలు పూలవాన కురిపిస్తారు, దుందుభులు మోగుతాయి. రావణుడి మీద పడి మండోదరి ఏడవడం రామాయణంలో ఉంది. పాలెగాడి ఇంటికి మాత్రం చంపిన ఆమే వెళ్ళింది. అదీ ఏ సింహవాహనం మీదో కాదు, మళ్ళీ వేషం వేసుకుని. మొదటి నాలుగు వేషాలు వాణ్ణి పట్టుకోవడానికి. ఈ అయిదోది ఆ విధవరాలి కన్నీళ్ళు తుడవడానికి. వాడు పాపి కాబట్టి వాడి పెళ్ళాం ఏడుపు కూడా లెక్కలోకి రాదు అని గంగమ్మ అనుకోలేదు. జాతర మొత్తంలో నాకు ఇంతకన్నా పెద్ద సంగతి కనబడదు.

ఇంకొకటి కూడా గమనించండి. మాతంగి ఆడవేషం. అంతవరకూ అమ్మవారు వేసినవి మగవేషాలు. బైరాగి మగవాడు, తోటి మగవాడు, దొర మగవాడు. వెతకడానికి, చంపడానికి మగవాళ్ళ తోవ పట్టింది. ఓదార్చడానికి ఆడదానిగా వెళ్ళింది. ఈ వేషాలన్నీ వేసేది మళ్ళీ మగవాడే. అంటే శనివారం నాడు ఒక మగవాడు, మగవేషం వేసిన అమ్మవారి వేషం వేస్తాడు. ఈ మెలిక విద్వాంసులకు చాలాకాలం పని కల్పించింది. డాన్ హ్యాండెల్‌మన్ అనే మానవశాస్త్రవేత్త దీని మీద 1995లో ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. అమెరికాలో ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాయ్స్ ఫ్లూకిగర్ 1990ల నుంచి మళ్ళీ మళ్ళీ తిరుపతి వచ్చి, ఇక్కడి ఇళ్ళలో ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడి, 2013లో ఒక పుస్తకమే వేశారు. ఆవిడ ఒక చక్కని సంగతి పట్టుకున్నారు. ఈ వారంలో వేషం మార్చుకోవలసిన అవసరం మగవాళ్ళదే. ఆడవాళ్ళు ముఖానికి ఇంత పసుపు రాసుకుంటే చాలు. అమ్మవారిలో ఉన్న శక్తి ఎలాగూ వాళ్ళలో ఉంది.

చీరవేషాలు వేసే ఇళ్ళలో ఆ హడావిడి చూడాలి. భార్య చీరె భర్తకు కట్టాలి. చెల్లెలు సవరం పెట్టి జడ వేస్తుంది. అమ్మ బొట్టు దిద్దుతుంది. "కుచ్చిళ్ళు జారతాండాయి, సరిగ్గా నిలబడు బావా" అని మరదలు కసురుతుంది. మీసమున్న మొగాడు గాజులు ఎక్కక మొహం వికారంగా పెడితే ఇంట్లో ఆడవాళ్ళంతా విరగబడి నవ్వుతారు. ఆ చీరెతో, ఆ ఎండలో, జనం తొక్కిడిలో గుడిదాకా నడిచి తిరిగి వచ్చిన మగవాడు, "మీరు దినామూ దీన్నెట్లా కట్టుకుంటారు?" అని ఒక్కసారైనా అడుగుతాడు. మర్నాటికి మరిచిపోతాడేమో. అడగడం మాత్రం అడుగుతాడు.

సోమవారం సున్నపుకుండల గురించి పెద్దగా చెప్పను. దానికి ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతారు. తలమీద కుండలతో వేషధారి వీధుల్లో తిరుగుతుంటే చూడవలసిందే తప్ప, మాటల్లో పెడితే చప్పబడిపోతుంది.

మంగళవారం ఊరు ఊరంతా గుడి దగ్గరే. ఎక్కడ చూసినా మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద పొంగలి. మేకలు, కోళ్ళు మొక్కుబడులుగా వస్తాయి. వెదురుబద్దలతో గోపురంలా కట్టి, పూలతో రంగుకాగితాలతో అలంకరించిన సప్పరాలు తలకెత్తుకుని మగవాళ్ళు వస్తారు. వీధుల్లో అంబలి పోస్తుంటారు. మండుటెండలో రాగి అంబలి చెంబెడు తాగితే ప్రాణం లేచివస్తుంది. ఎండాకాలపు జబ్బులకు, అమ్మవారు పోయడానికి, ఈ చల్లదనానికి లంకె ఉంది. మశూచి మన దేశంలో 1975తోనే పోయింది. ఆ తల్లి భయం మాత్రం వేపాకుగా, అంబలిగా, పసుపునీళ్ళుగా మన ఇళ్ళలో మిగిలింది. అందులో సగం వైద్యమే అనుకోండి.

మెచ్చుకుంటూ పోయేవాడు ఆగవలసిన చోటొకటి ఉంది. ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాడి తల నరికిన తల్లి జాతర ఇది. ఇదే చిత్తూరు సీమ పల్లెల్లో పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను మాతమ్మలుగా అమ్మవారికి వదిలేసిన ఆచారం ఉంది. బిడ్డకు జబ్బు నయమైతే నీకే ఇస్తామని మొక్కుకుంటారు. అమ్మవారి పేరున తాళి పడుతుంది. తర్వాత ఆ పిల్లకు ఇక మొగుడంటూ ఉండడు, కాపాడే దిక్కు ఉండదు, ఊళ్ళో పాలెగాళ్ళకు మాత్రం కొదవ ఉండదు. ఇలా అర్పించడాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ తర్వాతా మాతమ్మల గోడు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. కొడుకు కోసం మొక్కుకుంటే వాడు ఒక్కరోజు వేషం వేసి, కడుక్కుని అన్నం తింటాడు. కూతురి కోసం మొక్కుకుంటే ఆ పిల్ల జన్మంతా అదే వేషం. ఆ తేడా గంగమ్మ పెట్టింది కాదు. పొలిమేర దాకా డప్పు కొట్టి చాటింపు వేసే ఊళ్ళు ఈ మాట కూడా చాటవలసింది.

సరే, జాతర ముగింపుకు వద్దాం. మంగళవారం రాత్రి గుడి ముందు అమ్మవారి పెద్ద ముఖాన్ని మట్టితో తీర్చిదిద్దుతారు. విశ్వరూపం అంటారు. పాలెగాడికి కనబడిన రూపం అదేనని నమ్మకం. రాత్రంతా నిద్రలేదు, దారుల నిండా జనం. బుధవారం తెల్లవారకముందే పేరంటాలు వేషం వస్తుంది. తర్వాత జరిగేదాన్ని చెంప నరకడం అంటారు. వేషధారి ఆ మట్టి ముఖాన్ని ఛేదిస్తాడు. మరుక్షణం జనం ఎగబడతారు. వేలెడంత మట్టిపెళ్ళ దొరికినా మహాభాగ్యం. దాన్ని పూజగదిలో దాచుకుంటారు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే రవ్వంత నీళ్ళలో కలిపి ఇస్తారు.

బయటివాళ్ళకు అదేమిటో ఘోరంగా తోస్తుంది. వారం రోజులు నెత్తిన పెట్టుకున్న తల్లి ముఖాన్ని పగలగొట్టడమేమిటని. వేంకటగిరి పోలేరమ్మ జాతర చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడా మట్టితో చేసిన అమ్మవారే, చివర విరూపం చేయడమే. అంత ఉగ్రాన్ని ఏడాది పొడుగునా నడివీధిలో నిలబెట్టుకుని ఏ ఊరూ కాపురం చేయలేదు. ఇంటింటికీ పిడికెడు చొప్పున పంచుకుంటే పిల్లాడి జ్వరానికి పనికొస్తుంది. నాకు తోచిన అర్థం ఇది. గుడి దగ్గర అడిగితే ఇంకొకటి చెబుతారు, అదీ వినండి.

అక్కడితో చాటింపు కట్టు వీడిపోతుంది. చెన్నై కొడుకు బస్సెక్కుతాడు, వాళ్ళమ్మ కట్టిచ్చిన పొంగలి డబ్బాతో.

ఎప్పుడైనా ఈ జాతర చూడాలని మీకు మనసైతే అందరూ వెళ్ళే మంగళవారం కోసం చూడకండి. ఆ రోజు జనం వీపులు తప్ప ఏమీ కనబడవు. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. పాతవూరి సందుల్లో ఎక్కడో ఒకచోట పంబ మోగుతుంటుంది. ఆ చప్పుడు పట్టుకుని వెళితే మాతంగి ఎదురవుతుంది. నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి, ఎండ ఎక్కువ.